ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు "నాకు దీని గురించి అంతగా తెలీదు" అని మర్యాదగా చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో అయితే "అంత ఐడియా లేదండీ" అనేస్తే పనైపోతుంది. గొంతు, మొహం, చివర్లో ఆ "అండీ", అన్నీ కలిసి మర్యాద చూసుకుంటాయి. ఇంగ్లీష్‌లో మెయిల్ రాసేటప్పుడు గొంతు వినపడదు, మొహం కనపడదు, ఇంగ్లీష్‌లో "అండీ" అనే మాటే లేదు, ఉన్న నాలుగు పదాలే అంతా మోయాలి. అందుకే చాలామంది ఇక్కడ అయితే మరీ కటువుగా రాసేస్తారు, లేకపోతే సారీల మీద సారీలు పెట్టి అసలు విషయం కనపడకుండా చేస్తారు. చాలా ఏళ్లు మెయిల్స్ రాసి, జూనియర్ల మెయిల్స్ దిద్ది నాకు అర్థమైంది ఏంటంటే, మనకి ఎంతవరకు తెలుసో సరిగ్గా అక్కడ గీత గీసి చూపిస్తే మర్యాద చాలావరకు దానంతట అదే వచ్చేస్తుంది. కింద ప్రశ్నలన్నీ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగినవే.

ఎక్కువ ఆలోచించకుండా వాడుకోడానికి ఒక్క వాక్యం చెప్పండి చాలు?

"ఐయామ్ నాట్ వెరీ ఫెమిలియర్ విత్ దిస్." ఇది ఎక్కడైనా నడుస్తుంది, బాస్‌కి, క్లయింట్‌కి, ప్రొఫెసర్‌కి, ముక్కూమొహం తెలీని మనిషికి కూడా. ఇందులో "నాట్ వెరీ" అన్న రెండు ముక్కలే పని చేస్తున్నాయి, తెలుగులో "అంతగా" అన్న మాట చేసే పనే అది. "అంతగా తెలీదు" అంటే ఎదుటివాళ్ళకి నిజానికి పెద్దగా ఏమీ తెలీదనే అర్థమవుతుంది కదా, ఇంగ్లీష్‌లో కూడా అంతే, "నాట్ వెరీ ఫెమిలియర్" అని చదివినవాళ్ళు కాస్తో కూస్తో కూడా తెలీదేమో అనే అనుకుంటారు. కాబట్టి మీకు ఓ మాదిరిగా తెలిసిన విషయానికి ఇది వాడొద్దు, మిమ్మల్ని మీరే తగ్గించుకున్నట్టవుతుంది.

కొంచెం కాజువల్‌గా ఉండాలంటే "నాట్ దట్ ఫెమిలియర్", ఇంకా స్నేహంగా అమెరికన్ పద్ధతిలో కావాలంటే "నాట్ సూపర్ ఫెమిలియర్". ఫార్మల్ రిపోర్ట్‌లో అయితే "మై ఫెమిలియారిటీ విత్ దిస్ ఏరియా ఈజ్ లిమిటెడ్" అని రాయొచ్చు. ఇదే వాక్యం చాట్‌లో పెడితే మాత్రం ఏదో నోటీస్ పంపినట్టు ఉంటుంది.

"ఐ డోంట్ నో" అని రాస్తే తప్పా?

తప్పు కాదు, కానీ మెసేజ్ మొత్తం ఆ మూడు ముక్కలే అయితే ఇబ్బంది. మొహమ్మీద తలుపేసినట్టు ఉంటుంది, ఎందుకంటే తర్వాత ఏం చెయ్యాలో ఎదుటి మనిషికి తోచదు. అదే మాట తర్వాత ఇంకో అడుగు వేసి "ఐ డోంట్ నో, బట్ ఐ కెన్ ఫైండ్ అవుట్ బై థర్స్‌డే" అంటే అదే మూడు ముక్కలు ఎంతో బాధ్యతగా వినిపిస్తాయి. నా మొదటి ఉద్యోగంలో ఒక క్లయింట్ అడిగినదానికి "ఐ హావ్ నో ఐడియా అబౌట్ దిస్" అని ఒక్క లైను కొట్టి పంపా. నా మనసులో ఉన్నది "అయ్యో నాకు తెలీదండీ" అని, వాళ్ళు చదివింది మాత్రం "నాకేం సంబంధం" అని. మా మేనేజర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ తేడా వివరించే దాకా నాకు తట్టనే లేదు.

ఇంకోటి, "డోంట్" అన్నదాన్ని విడదీసి "డూ నాట్" అని రాస్తే కాగితం మీద మర్యాదగా అనిపిస్తుంది కానీ చిన్న మెసేజ్‌లో "ఐ డూ నాట్ నో" అంటే ఒత్తి పలికినట్టు, కోపంగా ఉన్నట్టు ఉంటుంది. రీసెర్చ్ పేపర్, లీగల్ లెటర్ లాంటివైతే విడదీయండి, మామూలు మెయిల్‌లో కలిపి రాయడమే మెత్తగా ఉంటుంది.

ఫెమిలియర్ విత్ అనాలా, ఫెమిలియర్ టు అనాలా, ఫెమిలియర్ అబౌట్ అనాలా?

మనిషికి విషయం తెలుసు అంటే "విత్". విషయం మనిషికి తెలిసినట్టుంది అంటే "టు". అంటే "ఐయామ్ ఫెమిలియర్ విత్ ద ప్రాసెస్", అదే తిరగేస్తే "ద ప్రాసెస్ ఈజ్ ఫెమిలియర్ టు మీ". "ఫెమిలియర్ అబౌట్", "ఫెమిలియర్ ఇన్" అనేవి లేవు. మనకి ఈ తికమక ఎందుకొస్తుందంటే తెలుగులో "నాకు తెలుసు" అంటాం, ఆ "కు" చెవిలో ఉండిపోయి "టు మీ" అని చేతికొస్తుంది.

మిగతావి కూడా ఇక్కడే చెప్పేస్తా. నాలెడ్జ్ అయితే "ఆఫ్", ఏదైనా టూల్‌తో అనుభవం అయితే "ఎక్స్‌పీరియన్స్ విత్", ఒక రంగంలో అనుభవం అయితే "ఎక్స్‌పీరియన్స్ ఇన్", కొత్త అయితే "న్యూ టు". ఆ "న్యూ టు" తర్వాత క్రియ వస్తే ఇంగ్ చేర్చాలి, "న్యూ టు యూజింగ్ దిస్ టూల్" అని, "న్యూ టు యూజ్" అనకూడదు. ఇక "నాలెడ్జెస్", "ఇన్ఫర్మేషన్స్" అనే బహువచనాలు ఇంగ్లీష్‌లో లేవు, ఎక్స్‌పీరియన్స్‌కి బహువచనం ఉంది కానీ అప్పుడది మనకి జరిగిన సంఘటనలు అనే అర్థం ఇస్తుంది.

అవేర్, ఫెమిలియర్, నో, ఈ మూడూ ఒకటే కదా?

కాదు, ఇక్కడ కాసేపు ఆగాలి. "అవేర్ ఆఫ్" అంటే అలాంటిది ఒకటి ఉందని తెలుసు, అంతే. "ఫెమిలియర్ విత్" అంటే దాంతో కొంత సాన్నిహిత్యం ఉంది, చూశా, చదివా, వాడా అని. ఆ మాట పుట్టుకే ఇల్లు, కుటుంబం అనే అర్థమున్న లాటిన్ పదంలోంచి వచ్చింది, అందుకే ఇంట్లో మనిషిలా అలవాటైన అన్న వాసన దానికి ఇంకా ఉంది. "నో" రెండింటినీ కప్పేస్తుంది, అందుకే అది ఒక్కోసారి మరీ మొద్దుగా ఉంటుంది.

దీన్ని వాడుకుని చక్కటి వాక్యం రాయొచ్చు, "ఐయామ్ అవేర్ ఆఫ్ ద పాలసీ, బట్ ఐయామ్ నాట్ ఫెమిలియర్ విత్ ద డీటెయిల్స్." పాలసీ ఉందని తెలుసు, లోపల ఏముందో తెలీదు. గీత ఎక్కడుందో ఒక్క వాక్యంలో కనపడిపోయింది.

జాగ్రత్త పడాల్సింది "ఐయామ్ నాట్ అవేర్ ఆఫ్ ఎనీ సచ్ రూల్" దగ్గర. ఇది పైకి తెలీదు అన్నట్టే ఉంటుంది కానీ చదివేవాళ్ళకి "అలాంటి రూలేమీ లేదే" అని మెల్లగా కాదన్నట్టు వినపడుతుంది. నిజంగా మీకు తెలీక అడుగుతుంటే "ఐ వాజ్‌ంట్ అవేర్ ఆఫ్ దిస్ రూల్, కుడ్ యూ పాయింట్ మీ టు ఇట్" అని రాయండి. గతంలోకి మార్చేసరికి, ఇప్పుడు మీరు చెప్పారు కాబట్టి తెలిసింది అన్న అర్థం వచ్చి గొడవ సద్దుమణుగుతుంది.

"లిటిల్ నాలెడ్జ్" అని రాస్తే "కొంచెం తెలుసు" అనేగా?

ఇది చాలామందిని దెబ్బ తీసింది. "ఐ హావ్ ఎ లిటిల్ నాలెడ్జ్" అంటే కొంచెం తెలుసు. ముందున్న ఆ "ఎ" తీసేసి "ఐ హావ్ లిటిల్ నాలెడ్జ్" అంటే దాదాపు ఏమీ తెలీదు. ఒక్క అక్షరానికి అర్థం తలకిందులు. ఎ, ఎన్, ద లాంటివి తెలుగులో లేవు కాబట్టి మన కంటికి అవి ఆనవు, రాసేసి దాటిపోతాం. నేనైతే ఈ రెండూ వదిలేసి "సమ్ నాలెడ్జ్" అని రాయమంటా, లేదంటే "నాట్ మచ్", ఏ గోలా ఉండదు.

"ఐయామ్ నాట్ హావింగ్ మచ్ ఐడియా" అని రాస్తే ఏంటి ప్రాబ్లం?

నో, హావ్, అండర్‌స్టాండ్ లాంటివి జరుగుతున్న పనులు కావు, ఉన్న స్థితులు, వాటికి ఈ అర్థంలో ఇంగ్ తగిలించరు. "ఐ డోంట్ నో మచ్ అబౌట్ ఇట్" చాలు. ఇలాంటిదే "ఐ హావ్ ఎ డౌట్". మనం సందేహం అనే మంచి అర్థంలో రాస్తాం, కానీ బయటి దేశాల వాళ్ళు చాలామందికి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, అంటే మీరు చెప్పినదాని మీద నాకు అనుమానంగా ఉంది అన్నట్టు తగులుతుంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అని రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

పూర్తిగా తెలీదని కాదు, కొంచెం తెలుసు. ఆ "కొంచెం" ఎంతో ఎలా చెప్పాలి?

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. తెలుగులో మనకి ఎన్ని మెట్లున్నాయో చూడండి, పేరు విన్నా, ముఖపరిచయం ఉంది, ఓనమాలు వచ్చు, చేతనవుతుంది, కొట్టిన పిండి. ఇంగ్లీష్‌లో కూడా దాదాపు ఇవే మెట్లున్నాయి, మనం మాత్రం అన్నిటికీ "బేసిక్ నాలెడ్జ్" అని ఒకటే ముద్ర గుద్దేస్తాం.

పేరు మాత్రమే విని ఉంటే "ఐహావ్ హర్డ్ ఆఫ్ ఇట్" అనండి, "హర్డ్ అబౌట్" అంటే దాని గురించి ఎవరో కొంత చెప్పారని అర్థం. ఎక్కడో తగిలింది అంటే "ఐహావ్ కమ్ ఎక్రాస్ ఇట్". ముఖపరిచయానికైతే ఇంగ్లీష్‌లో అచ్చం అలాంటిదే ఉంది, "నాడింగ్ అక్వెయింటెన్స్", ఎదురైతే తలూపే పాటి పరిచయం, కాస్త పాతకాలపు మాటలా ఉంటుంది, వ్యాసాల్లో బావుంటుంది. మెయిల్‌కైతే "పాసింగ్ ఫెమిలియారిటీ" లేదా "వేగ్లీ ఫెమిలియర్" సరిపోతుంది. ఓనమాలు వచ్చు అంటే "ఐ నో ద బేసిక్స్". పని గడిచే పాటి తెలుసు అంటే "వర్కింగ్ నాలెడ్జ్", ఇది నాకు చాలా ఇష్టమైన మాట, ఎందుకంటే గొప్ప చెప్పుకున్నట్టూ ఉండదు, తగ్గినట్టూ ఉండదు.

"క్వైట్ ఫెమిలియర్" మాత్రం వీలైనంత వరకు వాడకండి. అమెరికన్లు దాన్ని "బాగా తెలుసు" అని చదువుతారు, బ్రిటిష్ వాళ్ళు చాలాసార్లు "ఫర్వాలేదు, ఓ మోస్తరు" అని చదువుతారు. ఒకే మెయిల్ ఇద్దరికీ వెళ్తే ఇద్దరూ రెండు రకాలుగా అనుకుంటారు.

మెట్టు చెప్పడం కన్నా కూడా బాగా పని చేసేది ఇంకోటుంది, ఏం చేశారో చెప్పేయడం. "ఐ హావ్ బేసిక్ నాలెడ్జ్ ఆఫ్ స్ప్రెడ్‌షీట్స్" అన్నదానికన్నా "ఐ కెన్ రైట్ సింపుల్ ఫార్ములాస్, బట్ ఐహావ్ నెవర్ బిల్ట్ ఎ పివట్ టేబుల్" అంటే చదివేవాళ్ళకి మిమ్మల్ని ఏం అడగొచ్చో ఏం అడగకూడదో వెంటనే తెలిసిపోతుంది, మళ్ళీ ప్రశ్న వెయ్యాల్సిన పనే ఉండదు.

ఒకప్పుడు బాగా వచ్చు, ఇప్పుడు టచ్ పోయింది. ఇదెలా రాయాలి?

"ఐ లాస్ట్ టచ్" అని రాసేస్తారు చాలామంది. ఇంగ్లీష్‌లో "లాస్ట్ టచ్" అన్నది మనుషులతో రాకపోకలు, మాటలు ఆగిపోయినప్పుడు ఎక్కువ వాడతారు, "అవుట్ ఆఫ్ టచ్" అంటే ఇంకా దారుణం, లోకజ్ఞానం లేనివాడు అన్నట్టు. మీరు చెప్పాలనుకున్న దానికి సరైన మాట "రస్టీ", తుప్పు పట్టడం. "మై జావా ఈజ్ ఎ బిట్ రస్టీ" అంటే ఒకప్పుడు వచ్చు, కాస్త సానబెడితే మళ్ళీ వస్తుంది అని మంచి అర్థం. లేదా "ఐయామ్ ఎ బిట్ అవుట్ ఆఫ్ ప్రాక్టీస్". ఎప్పుడు వదిలేశారో కూడా కలిపితే ఇంకా బాగుంటుంది, "ఐ లాస్ట్ యూజ్డ్ ఇట్ త్రీ ఇయర్స్ ఎగో" అని.

సమాధానం చెప్తున్నా కానీ గ్యారంటీ లేదు. ఆ సంగతి ఎలా చెప్పాలి?

దీనికి తెలుగు మనకి మంచి ట్రైనింగ్ ఇచ్చింది, మనమే గమనించం. "వాళ్ళు వస్తారట" అంటే నేను విన్నాను, చూడలేదు. "వస్తారేమో" అంటే నా ఊహ. "వస్తారనుకుంటా" అంటే నాకున్న నమ్మకం. "వస్తున్నట్టున్నారు" అంటే కనపడినదాన్ని బట్టి చెప్తున్నా. ఒక చిన్న తోకతో ఆ సమాచారం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పేస్తున్నాం. ఇంగ్లీష్‌లో క్రియకి ఇలాంటి తోకలు ఉండవు, విడిగా పదాలు పెట్టాలి, మనం తర్జుమా చేసేటప్పుడు తోక రాలిపోయి "దే విల్ కమ్" అని మిగులుతుంది. అప్పుడు మనం గట్టిగా మాటిచ్చినట్టు అయిపోతుంది.

కాబట్టి ఆ తోకలకి జతలు గుర్తు పెట్టుకోండి. "అట" కి "అపారెంట్లీ" లేదా "ఫ్రమ్ వాట్ ఐహావ్ హర్డ్". "ఏమో" కి "మైట్" లేదా "పర్‌హాప్స్". "అనుకుంటా" కి "ఐ థింక్". "ఉన్నట్టుంది" కి "ఇట్ సీమ్స్" లేదా "యాజ్ ఫార్ యాజ్ ఐ కెన్ టెల్". ఈ చివరిదానికీ "యాజ్ ఫార్ యాజ్ ఐ నో" కీ తేడా ఉంది, "కెన్ టెల్" అంటే ఇప్పుడు పరిశీలించి చూసి చెప్తున్నా అని, "నో" అంటే ముందు నుంచీ నాకు తెలిసినంతలో అని. మీరు ఫైల్ తెరిచి చూశాక చెప్తుంటే మొదటిది, చూడకుండా చెప్తుంటే రెండోది. "మై అండర్‌స్టాండింగ్ ఈజ్ దట్" అంటే నాకు అర్థమైంది ఇది, తప్పైతే దిద్దండి అని తలుపు తీసి పెట్టడం. "ఆఫ్ ద టాప్ ఆఫ్ మై హెడ్" అంటే ఏమీ చెక్ చెయ్యకుండా అప్పటికప్పుడు గుర్తున్నది చెప్తున్నా అని, అంకెలు, తేదీలు చెప్పేటప్పుడు ఇది చాలా అవసరం.

భాషాశాస్త్రంలో ఇలాంటి మాటల్ని హెడ్జ్‌లు అంటారు, అంటే దడి, కంచె అని. జార్జ్ లేకాఫ్ అనే భాషాశాస్త్రవేత్త 1972లో రాసిన పేపర్‌తో ఆ పేరు బాగా స్థిరపడింది. దడి అన్న పోలిక నాకు నచ్చుతుంది, ఇంతవరకు నాది, అవతలిది నాది కాదు అని చూపిస్తుంది కదా.

మర్యాదగానే రాశా, అయినా ఎదుటివాళ్ళు హర్ట్ అయ్యారు. ఏయే మాటలు అలా తిరగబడతాయి?

కొన్నున్నాయి, పదం పదం చూస్తే ఏ తప్పూ ఉండదు, కలిపి చదివితే ఇంకేదో అర్థం.

"ఐ డోంట్ నో అబౌట్ దట్" అని జవాబుగా రాస్తే, నాకు దాని గురించి తెలీదు అని కాదు, "అబ్బే, నాకు నమ్మకం లేదు" అని అర్థం. "అబౌట్ దట్" తీసేయండి, లేదా "ఐ డోంట్ నో మచ్ అబౌట్ దట్" అని "మచ్" పెట్టండి, సమస్య పోతుంది.

"ఐ వుడ్‌ంట్ నో" అంటే వుడ్ ఉంది కదా మర్యాదే అనుకుంటారు. కాదు, "నాకెలా తెలుస్తుంది" అన్న విసురు ఉంది అందులో.

"ప్లీజ్ ఎన్‌లైటెన్ మీ", "ప్లీజ్ ఎడ్యుకేట్ మీ" ఈ రెండూ మనం చాలా వినయంగా, జ్ఞానం ప్రసాదించండి అన్నట్టు రాస్తాం. ఇంగ్లీష్ చదివేవాళ్ళకి చాలాసార్లు ఇవి వెటకారంగా తగులుతాయి, "అంత తెలిసినవాడివి నువ్వే చెప్పు చూద్దాం" అన్నట్టు. "కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ హౌ దిస్ వర్క్స్" అని నేరుగా అడగడమే మంచిది.

"ఐయామ్ నాట్ ఇన్ ఎ పొజిషన్ టు కామెంట్" అంటే చాలాసార్లు తెలీక కాదు, తెలిసినా చెప్పకూడని స్థితిలో ఉన్నా అని. మీకు నిజంగా తెలీకపోతే "ఐ డోంట్ నో ఎనఫ్ అబౌట్ ఇట్ టు కామెంట్" అనాలి. ఈ రెండూ తారుమారైతే ఎదుటివాళ్ళు మీరేదో దాస్తున్నారనుకుంటారు.

"హానెస్ట్‌లీ", "ఫ్రాంక్‌లీ" అని మొదలుపెడితే విసుగు ధ్వనిస్తుంది. "యాక్చువల్లీ" కూడా అంతే, మనకది ఊతపదం, వాళ్ళకి మాత్రం ఎదుటివాళ్ళ మాటని ఖండించే ముందు వచ్చే పదం.

"కరెక్ట్ మీ ఇఫ్ ఐయామ్ రాంగ్" మాత్రం సందర్భాన్ని బట్టి. మీకు నిజంగా అనుమానం ఉన్నప్పుడు బావుంటుంది, వాదన నడుస్తున్నప్పుడు పెడితే కాలు దువ్వినట్టు ఉంటుంది.

"ఐయామ్ అఫ్రెయిడ్" అంటే భయపడుతున్నా అనేగా, అది ఎందుకు రాస్తారు?

ఇక్కడ భయం లేదు. "ఐయామ్ అఫ్రెయిడ్ ఐయామ్ నాట్ ఫెమిలియర్ విత్ ఇట్" అంటే "క్షమించాలి, నాకు పరిచయం లేదండీ" అని. మన "అండీ" కి ఇంగ్లీష్‌లో దగ్గరగా వచ్చే మాట ఏదైనా ఉందంటే అది ఇదేనేమో. నిరాశ కలిగించే సంగతి చెప్పే ముందు వాడతారు.

సారీ ఎన్నిసార్లు చెప్పాలి?

ఎక్కువలో ఎక్కువ ఒక్కసారి. నిజానికి తెలీకపోవడం తప్పు కాదు కాబట్టి చాలాసార్లు ఆ ఒక్కటి కూడా అక్కర్లేదు. మీరు తెలుసుకోవాల్సిన విషయం తెలుసుకోకుండా వాళ్ళ టైం వేస్ట్ చేసి ఉంటే అప్పుడు చెప్పండి. "పార్డన్ మై ఇగ్నరెన్స్" అనేది వాడుకలో ఉన్న మాటే, ఫర్వాలేదు, కానీ "ఐయామ్ ఇగ్నరెంట్" అని విడిగా రాయకండి, అది తిట్టు స్థాయిలో ఉంటుంది.

"సారీ ఫర్ మై బ్యాడ్ ఇంగ్లీష్" అని పెట్టాలా?

వద్దనే నా సలహా. అది చదివిన మనిషి అప్పటిదాకా గమనించని తప్పుల్ని కూడా వెతకడం మొదలుపెడతాడు. నిజంగా అర్థం కాకపోవచ్చు అని భయముంటే "ఇంగ్లీష్ ఈజ్‌ంట్ మై ఫస్ట్ లాంగ్వేజ్, సో ప్లీజ్ టెల్ మీ ఇఫ్ ఎనీథింగ్ ఈజ్ అన్‌క్లియర్" అని చివర్లో పెట్టండి. ఇది చదివేవాళ్ళకి పనికొచ్చే మాట.

రెజ్యూమేలో, కవర్ లెటర్‌లో ఎలా?

రెజ్యూమేలో వాక్యాలు ఉండవు కాబట్టి పదాలే మెట్లు. "ప్రొఫిషియెంట్ ఇన్" పైన, "వర్కింగ్ నాలెడ్జ్ ఆఫ్" మధ్యలో, "ఫెమిలియర్ విత్" దాని కింద, "ఎక్స్‌పోజర్ టు" అన్నిటికన్నా కింద. ఎక్స్‌పోజర్ అంటే పక్కన నిలబడి చూశా అన్నంత పలచన, ఇంటర్వ్యూలో దాని మీద ప్రశ్న వస్తే చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంటేనే రాయండి. భాషల విషయంలో అయితే యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన కొలమానం ఉంది, ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు, అది రాస్తే "కొంచెం వచ్చు" అన్న తంటా లేదు.

కవర్ లెటర్‌లో లేనిదాన్ని చెప్పేటప్పుడు పక్కనే ఉన్నదాన్ని పెట్టండి. "వైల్ ఐ హావ్‌ంట్ వర్క్‌డ్ విత్ దిస్ టూల్ డైరెక్ట్‌లీ, ఐహావ్ యూజ్డ్ ఎ సిమిలర్ వన్ ఫర్ టూ ఇయర్స్." ఇందులో "వైల్" ఉంది కాబట్టి మధ్యలో "బట్" రాకూడదు. తెలుగులో "అయినా, కానీ" రెండూ పక్కపక్కన పెట్టినా చెల్లుతుంది, ఇంగ్లీష్‌లో "ఆల్దో" తర్వాత మళ్ళీ "బట్" వస్తే తప్పు. ఇంకో చిన్న ఆయుధం "యెట్". "ఐ హావ్‌ంట్ యూజ్డ్ ఇట్ యెట్" అంటే ఇంకా వాడలేదు, వాడతా అన్న ఆశ ఆ ఒక్క ముక్కలో ఉంది.

రీసెర్చ్ పేపర్‌లో, రివ్యూలో?

"టు ద బెస్ట్ ఆఫ్ అవర్ నాలెడ్జ్" అని మాదే మొదటి ప్రయత్నం అనుకునే చోట రాస్తారు, అది నిజాయితీ కోసం పెట్టే దడి, వెతికాం, మాకు కనపడలేదు అని. దీన్ని ప్రతి పేరాలో పెడితే అసలు వెతకలేదేమో అనిపిస్తుంది. "బియాండ్ ద స్కోప్ ఆఫ్ దిస్ పేపర్" అంటే మాకు తెలీదు అని కాదు, ఇక్కడ చర్చించట్లేదు అని, ఆ రెండిటినీ కలపొద్దు. మీరు రివ్యూయర్ అయితే "ఐయామ్ నాట్ ఎన్ ఎక్స్‌పర్ట్ ఆన్ ద స్టాటిస్టికల్ మెథడ్స్ యూజ్డ్ హియర్" అని రాసి, ఆ భాగం ఇంకెవరైనా చూస్తే మంచిదని ఎడిటర్‌కి చెప్పడం చాలా గౌరవంగా ఉంటుంది. మీరు చూసిన మిగతా భాగం మీద మీ మాటకి బరువు కూడా పెరుగుతుంది.

"ఐ డిఫర్ టు యూ" అని రాశా, ఎవరో నవ్వారు?

స్పెల్లింగ్ చూడండి. ఇది మీకు వదిలేస్తున్నా, మీ మాటే ఫైనల్ అనడానికి డీ, ఈ, ఎఫ్, ఈ, ఆర్, మధ్యలో ఒకే ఎఫ్, తర్వాత "టు". మీతో ఏకీభవించను అనడానికి డీ, ఐ, రెండు ఎఫ్‌లు, ఈ, ఆర్, తర్వాత "విత్" లేదా "ఫ్రమ్". తెలుగులో రెండూ ఒకేలా పలుకుతాం, ఇంగ్లీష్‌లో మొదటిదానికి చివర్లో ఒత్తు, రెండోదానికి మొదట్లో. మీకు తెలీని విషయంలో తెలిసినవాళ్ళకి అప్పగించడానికి "ఐ'డ్ డిఫర్ టు ద లీగల్ టీమ్ ఆన్ దిస్" అనేది చాలా చక్కటి వాక్యం, స్పెల్లింగ్ మాత్రం రెండుసార్లు చూసుకోండి.

మనిషి తెలీదు అనడానికి కూడా "నాట్ ఫెమిలియర్" వాడొచ్చా?

"ఐయామ్ నాట్ ఫెమిలియర్ విత్ హర్ వర్క్" బావుంటుంది, ఆవిడ చేసిన పని నాకు తెలీదు అని. మనిషి గురించైతే "ఐ డోంట్ నో హర్ వెల్" లేదా "వి హావ్‌ంట్ మెట్" అనండి. పరిచయం అన్న ఒక్క మాట తెలుగులో మనుషులకీ విషయాలకీ పనికొస్తుంది, ఇంగ్లీష్‌లో అలా కుదరదు. మనిషితో "టూ ఫెమిలియర్" అంటే అతిచనువు అని కూడా అర్థం ఉంది, అది గుర్తుంచుకోండి.

చాట్‌లో అందరూ ఏఎఫ్ఏఐకే, ఐఐఆర్‌సీ అని కొడతారు, అవేంటి?

మొదటిది "యాజ్ ఫార్ యాజ్ ఐ నో", రెండోది "ఇఫ్ ఐ రిమెంబర్ కరెక్ట్‌లీ". తోటి టీమ్ వాళ్ళతో ఓకే, క్లయింట్ మెయిల్‌లో పూర్తి మాట రాయండి.

జాగ్రత్తగా రాస్తే మరీ నీళ్లు నమిలినట్టు ఉందంటున్నారు?

ఒక్క వాక్యంలో రెండు మూడు దడులు కట్టి ఉంటారు. "ఐ థింక్ ఇట్ మైట్ పాసిబ్లీ బి సమ్‌వాట్ స్లో, బట్ ఐయామ్ నాట్ ష్యూర్" అంటే చదివినవాళ్ళకి ఏమీ మిగల్లేదు. ఒక వాక్యానికి ఒక్క దడి పెట్టండి, అది కూడా మీకు అనుమానం ఉన్న ముక్క పక్కనే పెట్టండి. "ద సర్వర్ ఈజ్ స్లో. ఐ థింక్ ఇట్స్ ద డేటాబేస్." స్లో అన్నది కళ్ళారా చూశారు, దానికి దడి అక్కర్లేదు, కారణం మాత్రమే ఊహ. తెలిసినదాన్ని కూడా తెలీనట్టు రాస్తే మీరు నిజంగా అనుమానం చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఇది నేను జూనియర్లందరికీ చెప్పి చెప్పి అలిసిపోయిన విషయం.

మొత్తం మెయిల్ ఒకటి చూపిస్తారా?

ఎవరో మిమ్మల్ని కొత్త బిల్లింగ్ సిస్టమ్ మీద అభిప్రాయం అడిగారనుకోండి. ఇలా రాయొచ్చు, "థాంక్స్ ఫర్ ఆస్కింగ్. ఐయామ్ నాట్ వెరీ ఫెమిలియర్ విత్ ద న్యూ బిల్లింగ్ సిస్టమ్. ఐహావ్ ఓన్లీ యూజ్డ్ ఇట్ టు డౌన్‌లోడ్ ఇన్‌వాయిసెస్. దట్ పార్ట్ వర్క్స్ వెల్. ఫర్ రీఫండ్స్, ఐ'డ్ సజెస్ట్ చెకింగ్ విత్ ద ఫైనాన్స్ టీమ్. ఇఫ్ ఇట్ హెల్ప్స్, ఐ కెన్ ఆస్క్ దెమ్ అండ్ గెట్ బ్యాక్ టు యూ బై ట్యూస్‌డే." ఎంతవరకు తెలుసు, తెలిసినంతలో ఏంటి, మిగతాది ఎవరికి తెలుసు, నేనేం చెయ్యగలను, అన్నీ వచ్చేశాయి, సారీ ఒక్కటి కూడా లేదు. "గెట్ బ్యాక్ టు యూ" కి రోజు జత చెయ్యడం మాత్రం మర్చిపోకండి, రోజు లేకపోతే అది తప్పించుకోడానికి చెప్పే మాటలా ఉంటుంది.

ముందే తెలుసని ఒప్పేసుకున్నా, ఇప్పుడు తెలీదని ఎలా చెప్పాలి?

ఇది అందరికీ జరుగుతుంది, మీటింగ్‌లో తలూపేస్తాం, తర్వాత పని మన మీద పడుతుంది. ఎంత త్వరగా రాస్తే అంత మంచిది. "ఐ థాట్ ఐ న్యూ దిస్ వెల్ ఎనఫ్, బట్ నౌ దట్ ఐహావ్ లుక్‌డ్ క్లోజ్‌లీ, ద రిపోర్టింగ్ పార్ట్ ఈజ్ న్యూ టు మీ." అప్పుడు అబద్ధం చెప్పినట్టు కాకుండా, దగ్గరికెళ్ళి చూశాకే తెలిసింది అని ఉన్నమాటే చెప్తున్నారు, పైగా ఏ భాగం తెలీదో పేరు పెట్టి చెప్పారు. వెంటనే ఏం కావాలో అడగండి, "కుడ్ సమ్‌వన్ వాక్ మీ త్రూ ఇట్ ఫర్ హాఫ్ ఎన్ అవర్ దిస్ వీక్" అని. అరగంట, ఈ వారం, ఇలా కొలతతో అడిగితే సాయం చేసేవాళ్ళు ఒప్పుకోవడం కూడా తేలిక. అప్పటిదాకా మీరు చెయ్యగలిగిన భాగం మొదలుపెట్టేశానని ఒక లైను కలపండి, అది నిజంగా మొదలుపెట్టాకే.